పదకొండో కేసు

ట్రైనింగ్ పూర్తయ్యే నాటికి నా దగ్గర ఒక పుస్తకం ఉండేది. అందులో చేతిరాత నాదే. రాసింది మాత్రం నేను కాదు.

ఎనభైల మధ్యలో సంగతి. పదో తరగతి పాసయ్యాక నాకు నల్గొండలో ఏఎన్ఎం శిక్షణకు సీటు వచ్చింది. ఏఎన్ఎం అంటే ఊళ్లలో సూదులు వేసే, కాన్పులు చేసే నర్సమ్మ. మాది నకిరేకల్ దగ్గర పల్లె. అమ్మ, నాయిన ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. మా వాడలో సర్కారు నౌకరీ దరిదాపుల్లోకి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. నేను బయలుదేరే ముందు ఆదివారం చర్చిలో పాస్టరుగారు నా పేరు చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించారు. అంతమంది కళ్లు మూసుకుని నా కోసం అడుగుతుంటే నేను మాత్రం కళ్లు తెరిచి వాళ్లను చూస్తున్నాను. ఫెయిలైతే మళ్లీ ఈ మొహాల ముందుకు ఎలా రావాలన్నదే నా ఆలోచన.

కాన్పుల గదిలోకి తీసుకుపోయిన మొదటి రోజే నాకు కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని జారిపోయాను. వార్డు సిస్టరు నన్ను తిట్టలేదు. "పక్కకు కూసో" అని తన పని తాను చేసుకుంది. ఆ పక్కకు కూర్చోవడమే నాకు అలవాటైపోయింది. సూదులు మరగబెట్టడం, బట్టలు మడత పెట్టడం, రిజిస్టరు పట్టుకుని నిలబడటం లాంటివి అడగకముందే చేసేదాన్ని. బల్ల దగ్గరికి పిలిచినప్పుడు మాత్రం ఇంకో పిల్ల వెనక్కి జరిగేదాన్ని. పద్దెనిమిది నెలల్లో నా చేతుల్లోకి వచ్చిన బిడ్డలు ముగ్గురే. మూడుసార్లూ నా చేతుల మీద సిస్టరు చేతులు ఉన్నాయి.

పరీక్షకు కూర్చోవాలంటే స్వయంగా చేసిన ఇరవై కాన్పుల రికార్డు చూపించాలి. ఒక్కో కాన్పుకూ తల్లి వివరాలు, నొప్పులు మొదలైన వేళ, చేసిన పని, ఇచ్చిన మందు, బొమ్మలతో సహా రాయాలి. నెల రోజులే మిగిలాయి. నా దగ్గర తెల్ల కాగితాలు తప్ప ఏమీ లేవు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

నా పక్క మంచం పిల్ల అది కనిపెట్టింది.

"గంత బుగులెందుకే? రికార్డులు రాసిచ్చే ఆపా ఉన్నది గదా. మేమందరం ఆమెతోనే రాయిచ్చుకుంటున్నం."

"దొరికితే?"

"ఎవరన్న దొరికిన్రా ఇప్పటిదాంక?"

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె ఇల్లు బస్టాండు వెనక సందులో ఉండేది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. భర్త చౌటుప్పల్ దగ్గర హైవే మీద లారీ మెకానిక్కు, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇద్దరు చిన్నపిల్లలు. నేను పోయేసరికి ఆమె పొయ్యి ముందు పీట మీద కూర్చుని, ఒక కంట పప్పు చూసుకుంటూ, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఎవరిదో రికార్డు రాస్తోంది. గోడవారగా ఇంకా ఐదారు పుస్తకాలున్నాయి. బీఈడీ వాళ్లవి, పాలిటెక్నిక్ వాళ్లవి, మావి.

"నీ రాత సూపియ్యి చెల్లె. నోట్సన్న, ఉత్తరమన్న."

నా నోట్సు ఇచ్చాను. కాసేపు తేరిపార చూసి, పాత కాగితం మీద ఒక లైను రాసి నా ముందు పెట్టింది. అది అచ్చం నా రాత.

"నీ తలకట్లన్నీ పక్కకు ఒరుగుతున్నయి. పాలకంకుల లెక్క" అని నవ్వింది. "వార్డు రిజిస్టర్లకెళ్లి పేర్లు, వయసులు రాసుకరా. మిగిలింది నేను సూసుకుంట. ఫికర్ చెయ్యకు."

ఆమె దగ్గర అట్ట ఊడిపోయిన పాత ప్రసూతి పుస్తకం ఒకటి ఉంది. నమిలినట్టుగా నలిగిపోయింది. తనూ పదో తరగతి పాసైందట. నర్సు ట్రైనింగుకు అప్లికేషను తెచ్చుకుందట కూడా. చంకలో పిల్లతో పద్దెనిమిది నెలలు హాస్టల్లో ఎలా ఉంటానని నింపకుండానే ఊరుకుందట. ఆ మాట ఆమె బాధపడుతూ చెప్పలేదు, పప్పు కలుపుతూ చెప్పింది.

పది రోజులకు పుస్తకం నా చేతికి వచ్చింది. ఎర్ర సిరాతో శీర్షికలు, రంగు పెన్సిళ్లతో బొమ్మలు. నేను చూడని నొప్పులు, నేను కొయ్యని బొడ్లు, నేను తుడవని బిడ్డలు. అన్నీ "నేను చేశాను", "నేను గమనించాను" అని నా అక్షరాల్లోనే.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం కూర్చుని మొత్తం చదివాను. పందొమ్మిది కేసులు పాఠాల్లాగా ఉన్నాయి. పదకొండోది మాత్రం వేరేగా ఉంది. కాన్పు అయ్యాక రక్తం ఆగని తల్లి కేసు అది. రెండున్నర పేజీలు. "ఆమె పెదవులు తెల్లబడ్డాయి. చలేస్తోందని చెప్పింది. పొట్ట మీద చేయి వేస్తే గర్భసంచి పిండిముద్దలా మెత్తగా తగిలింది. బొడ్డు దగ్గర చేయి పెట్టి గుండ్రంగా రుద్దాను. రాయిలా గట్టిపడేదాకా చేయి తీయలేదు. బిడ్డను తెచ్చి రొమ్ముకు పెట్టాను." ఆపా మరీ ఎక్కువ రాసింది, పరీక్షలో దీని దగ్గరే ఆగుతారేమో అనుకున్నాను.

అక్కడే ఆగారు. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దావిడ, కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని ఆ రెండున్నర పేజీలూ నింపాదిగా చదివారు.

"ఇది నువ్వే చేశావా?"

"చేశాను మేడం."

"గర్భసంచి గట్టిపడిందని నీకెలా తెలిసింది?"

"రాయిలా అయింది మేడం."

"అది పుస్తకంలో ఉంది. నీ చేతికి ఎలా తెలిసిందని అడుగుతున్నా."

నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ నిట్టూర్చి, "రాసినంత బాగా మాట్లాడలేకపోతున్నావమ్మా. భయం తగ్గించుకో" అని సంతకం పెట్టారు.

పాసయ్యాను. ఇంటికి పోతే నాయిన వాడంతా బెల్లం పంచాడు.

అచ్చంపేట అవతల, నల్లమల అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో సబ్‌సెంటరులో నౌకరీ ఇచ్చారు. కిరాయికి తీసుకున్న ఒక గది, ఒక ఇనుప పెట్టె, తూకం మిషను, గోడకు కుటుంబ నియంత్రణ పోస్టరు. చుట్టూ ఐదారు చిన్న ఊళ్లు నావే. అడవిలోంచి తేనె, గడ్డలు తెచ్చేవాళ్లు, జొన్న చేలు చేసేవాళ్లు అందరూ నన్ను నర్సమ్మా అని పిలిచేవాళ్లు. పిల్లలకు టీకాలు వేసేదాన్ని. గర్భిణులకు బిళ్లలు ఇచ్చేదాన్ని. ఆ పనులు నాకు బాగానే వచ్చు.

ఆ ఊళ్లన్నిటిలో కాన్పులు ఒకే మంత్రసాని చేసేది. అరవై దాటిన మనిషి, అందరూ అవ్వ అనేవాళ్లు. నొప్పులొస్తున్నాయని నాకూ కబురు వచ్చేది. నేను సంచీ భుజాన వేసుకుని బయలుదేరేదాన్ని. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తాను. దారిలో కావాలనే నెమ్మదిగా నడిచేదాన్ని. నేను చేరేలోపు అయిపోవాలని దేవుణ్ని వేడుకునేదాన్ని. చాలాసార్లు అయిపోయేది. బిడ్డను తూచి, రిజిస్టరులో నా పేరు మీద రాసుకుని వచ్చేదాన్ని.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పక్క ఊరి నుంచి ఒకతను సైకిలు మీద వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నర్సమ్మా, జల్ది రా. మా వదినెకు కాన్పయింది. నెత్తురు ఆగుతలేదు."

ఈసారి నెమ్మదిగా నడిచే వీలు లేదు. సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకుపోయాడు.

గుడిసెలో చాప మీద ఆమె పడుకుని ఉంది. మూడో కాన్పు. కింద పరిచిన పాత చీరలు తడిసి ముద్దయ్యాయి. మూలన ఒకావిడ చేతుల్లో బిడ్డ ఏడుస్తోంది. అవ్వ మొహంలో నేనెప్పుడూ చూడని భయం ఉంది.

"మాయ పడ్డది నర్సమ్మా. అయినా ఆగుతలేదు. నాకు తెలిసింది నేను జేసిన. ఇగ నువ్వే సూడాలె."

అందరూ నావైపు చూశారు. నిజం చెప్తున్నాను, నాకు ఆ గుడిసెలోంచి పారిపోవాలనిపించింది. నీళ్లు కావాలని చెప్పి బయటికి వెళ్లి, అలాగే రోడ్డెక్కి, బస్సెక్కి ఎటన్నా పోవాలనిపించింది. ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

అప్పుడు ఆ చాప మీది మనిషి కళ్లు తెరవకుండానే అంది.

"సలి పెడతాంది."

బయట రాళ్లు పగిలే ఎండ. ఆమె పెదవులు సున్నంలా ఉన్నాయి. ఆ మాట నేను విన్నాను. విన్నాననుకున్నాను గానీ నిజానికి చదివాను. నా అక్షరాల్లోనే, పక్కకు ఒరిగిన తలకట్లతో, నా కళ్ల ముందుకు వచ్చింది. ట్రైనింగులో చెప్పిన పాఠం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ రెండున్నర పేజీలే వచ్చాయి.

మోకాళ్ల మీద కూర్చుని ఆమె పొట్ట మీద చేయి వేశాను. మెత్తగా ఉంది. పిండిముద్ద. గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. తప్పు చేస్తున్నానేమో, నా చేతులతోనే ఈమెను చంపుతున్నానేమో అనుకుంటూనే రుద్దాను. కాసేపటికి నా అరచేతి కింద ఏదో దగ్గరికి ముడుచుకున్నట్టు, గుండ్రంగా లేచినట్టు అయింది. ఆ ముసలి పరీక్షాధికారి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదా అనిపించింది.

"బిడ్డను రొమ్ముకు పెట్టున్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సంచీలో రక్తం ఆపే ఇంజెక్షను ఉంది. మొదటి గాజు సీసా మెడ తుంచబోతే చేతిలోనే చితికిపోయింది. రెండోదానికి అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నిమ్మలం బిడ్డా" అంది. ఆమె అలా పట్టుకుని ఉండగానే మందు సూదిలోకి ఎక్కించుకున్నాను, అలాగే వేశాను.

రక్తం తగ్గింది గానీ ఆగలేదు. ట్రాక్టరు తెప్పించి, తొట్టిలో గడ్డి పరిచి, ఆమెను పడుకోబెట్టి అచ్చంపేట దవాఖానకు బయలుదేరాం. దారి పొడుగునా నా చేయి ఆమె పొట్ట మీదే ఉంది. రాసిన పుస్తకంలో చేయి తీయలేదని ఉంది కాబట్టి నేనూ తీయలేదు. గోతి వచ్చినప్పుడల్లా ట్రాక్టరు ఎగిరిపడేది. నా చేయి మొద్దుబారిపోయింది. ఆమె ఊపిరి తీస్తోందా లేదా అని ఆమె ముక్కు దగ్గర నా చెంప పెట్టి చూసుకుంటూనే ఉన్నాను. మధ్యలో రెండుసార్లు, పోయింది అనుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ చకచకా చూసి, సెలైను పెట్టించి, లోపల మిగిలిపోయిన మాయ ముక్కను తీసేశారు. సాయంత్రానికి రక్తం ఆగింది. తర్వాత బయటికి వచ్చి నన్ను అడిగారు.

"మాయ చూశావా? ముక్క తగ్గిందేమోనని?"

"చూడలేదు మేడం."

"గొట్టం వేసి మూత్రం తీశావా?"

"లేదు మేడం."

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మొదట చేయాల్సినవి చెయ్యలేదు. కష్టమైనది మాత్రం చేశావు. చేయి తీయకుండా తెచ్చావు కాబట్టి మనిషి దక్కింది" అన్నారు.

ఊళ్లో మాత్రం సగం మాటే తెలిసింది. నర్సమ్మ బతికించింది అన్నారు. ఆ భర్త నా కాళ్లు పట్టుకోబోతే వెనక్కి గెంతాను. ఆ ఇంటి అత్త సబ్‌సెంటరుకు వచ్చి నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"మా చిన్నకోడలుకు ఏడో నెల నడుస్తాంది బిడ్డా. ఇగ మాకు ఎవ్వలొద్దు. నువ్వే జెయ్యాలె."

సరే అన్నాను. ఆమె పోయాక తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఆ రెండున్నర పేజీలు అయిపోయాయి. ఈసారి బిడ్డ అడ్డం తిరిగితే? బొడ్డు మెడకు చుట్టుకుంటే? వాటికి నా దగ్గర ఏ పేజీ లేదు.

సెలవు పెట్టి నల్గొండ పోయాను. ఆపా అదే పీట మీద కూర్చుని ఎవరిదో బీఈడీ పాఠ్య పథకం రాస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. పక్కకు ఒరిగే నా తలకట్ల సంగతి చెప్తే గుర్తుపట్టింది.

జరిగినదంతా చెప్పాను. వింటూ వింటూ ఆమె కలం కింద పెట్టేసింది.

"నేను రాసింది సదివి నువ్వు మనిషికి చేసినవా?"

"నాకింకేం గుర్తు రాలేదు ఆపా."

"యా అల్లా! అది పుస్తకంల ఉన్నది గాదు. నా కత. నా రెండో బిడ్డ పుట్టినప్పుడు నాకయింది. నేను పండుకోని ఏమేం యాదికున్నదో అది రాసిన. పేజీలు నింపాలె గదా అని రాసిన. తప్పు రాసి ఉంటే?"

ఆమె పీట నా దగ్గరికి జరుపుకుంది.

"మీకు పని వచ్చు, రాసేటందుకే తీరుతలేదు, అందుకే వస్తున్నరనుకున్న. నీకొక్కదానికే రాదా? అందరికి రాదా?"

"అందరి సంగతి నాకు తెల్వది. కొంతమందికి రాదు."

ఆమె లేచి గోడవారగా పెట్టిన పుస్తకాల దగ్గరికి పోయింది. అందులో నాలుగు ఆ ఏడు నర్సు పిల్లలవి. వాటిని ఒక్కొక్కటే తీసి చూసింది. మళ్లీ వచ్చి కూర్చుంది.

"నా పెద్దబిడ్డకు ఇంకో పదేండ్లకు పెండ్లయితది. దానికి నేను రాసిచ్చిన పిల్లే కాన్పు జేస్తదేమో."

"నాకు నేర్పియ్యి ఆపా. నువ్వు ఆ పుస్తకం అన్నిసార్లు సదివినవు."

"నేనేం నేర్పుత? నేను పండుకున్నదాన్ని. చేసినదాన్ని గాదు." కింద పెట్టిన కలానికి మూత పెట్టింది. "పెద్ద దవాఖానకు పో. నాకు రాదని చెప్పు."

"నౌకరి పోతది."

"పోతదేమో. నాకెరుక లేదు. గని నువ్వు చెప్పకుంటే గా చిన్నకోడలు ఏం కావాలె?"

తిరుగు బస్సులో దేవరకొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ నాలుగు పుస్తకాలను ఆపా ఏం చేసిందో నాకు తెలియదు. మళ్లీ ఆ సందులోకి పోలేదు. పోయే ధైర్యం లేకపోయింది.

అచ్చంపేటలో దిగి నేరుగా దవాఖానకు పోయాను. డాక్టరమ్మ గది బయట రోగులందరూ అయిపోయేదాకా నిలబడ్డాను. లోపలికి పోయాక ఆవిడ తల ఎత్తేలోపే చెప్పేశాను. ఇంకాసేపు ఆగితే చెప్పలేనని తెలుసు.

"మేడం, నాకు కాన్పు చేసుడు రాదు. నా రికార్డు నేను రాయలే. ఇరవైల మూడే చేసిన. అవి గూడ సిస్టరమ్మే చేసింది."

ఆవిడ చేతిలోని చీటీ పక్కన పెట్టారు. ఫోను తీస్తారేమో, పై అధికారికి చెప్తారేమో అని ఆ బల్ల మీది ఫోను వైపే చూస్తున్నాను.

"ఇంకెవరికి తెలుసు?"

"ఈడ మీకే."

"నిన్ను పంపించేస్తే ఆ ఊళ్లకు ఇంకో ఏడాది ఎవరూ రారు" అన్నారు, నాతో కాకుండా తనతోనే అనుకుంటున్నట్టుగా. "వారానికి రెండు రోజులు ఇక్కడికి రా. కాన్పుల గదిలో నా పక్కన నిలబడాలి. వెనక కాదు."

మొదటి రోజు మళ్లీ కళ్లు తిరిగాయి. ఆవిడ కుర్చీ వేయించి, తల కిందికి పెట్టించి, తేరుకోగానే మళ్లీ లేపారు. మాయను పళ్లెంలో పరిచి ముక్క తగ్గిందో లేదో చూడటం, గర్భసంచిని తడిమి చూడటం, బిడ్డ తల ఎటుందో చేతులతో కనిపెట్టడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. రెండు నెలలు దాటాక చిన్నకోడలికి కాన్పు చేశాను. అవ్వ నా పక్కనే కూర్చుంది. ఆడపిల్ల. ఏ ఇబ్బందీ రాలేదు. అయినా మూడు రోజులు రోజూ పోయి ఆ తల్లి పొట్ట తడిమి చూసి వచ్చేదాన్ని. వాళ్లకు అది ప్రేమలా కనిపించింది.

తొంభైలలో నన్ను మహబూబ్‌నగర్ దగ్గరికి బదిలీ చేశారు. అప్పటికి నేను సీనియరును. శిక్షణలో ఉన్న పిల్లలు ఊరి పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు. పోయే రోజు వాళ్ల రికార్డుల మీద నేను సంతకం పెట్టాలి. నేను రికార్డు తెరిచేదాన్ని కాదు. కాన్పుకు తీసుకుపోయి, "చెయ్యి పెట్టు, ఏం తగులుతాందో చెప్పు" అనేదాన్ని. కొందరు పిల్లలు నా మీద కోపం పెట్టుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చింది. రాక్షసి అని నాకు పేరు కూడా పెట్టారట.

ఒక్కసారి మాత్రం తప్పాను. ఆ రోజు టీకాల రోజు, వరండా నిండా తల్లులూ పిల్లలూ. ఒక పిల్ల బస్సుకు వేళవుతోందని, నాయిన దవాఖానలో ఉన్నాడని బతిమాలింది. చక్కటి రాత, ఎర్ర సిరా శీర్షికలు, రంగు బొమ్మలు. నేను చూడకుండా సంతకం పెట్టేశాను. ఆమె దండం పెట్టి పరుగెత్తింది. బస్సు కదిలిపోయాక గుర్తొచ్చింది, ఆ పిల్లను నేను ఒక్క కాన్పుకు కూడా తీసుకుపోలేదని.

ఏ ఊళ్లో ఉందని ఎంతమందిని అడిగినా జాడ తెలియలేదు. పాసై ఎక్కడో సబ్‌సెంటరులో చేరిందని మాత్రం విన్నాను.